చిన్ననాటి దోస్తులు జంటగా టీవీ షో చేస్తే: ఎవరు ఎటు నిలబడాలి, ఎవరు సంతకం పెట్టాలి?

కొత్తపలక | సోమవారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. ఒకే బడిలో చదువుకున్న ఇద్దరు స్నేహితులు అరగంట గేమ్ షో ఒకటి రాసుకున్నారు. యాంకరింగ్ కూడా తామే చేస్తామని చానల్‌కి చెప్పబోతున్నారు. స్టేజీ అలవాటే, టీవీ ఫ్లోర్ మాత్రం కొత్త. చానల్ మెట్లెక్కే ముందు ఇద్దరి మధ్యా ఏమేం తేలిపోవాలి? ఫ్లోర్ మీద ఇద్దరు యాంకర్లు ఉంటే ఎక్కడ తేడా కొడుతుంది? "స్నేహం ఉంటే అన్నీ సర్దుకుంటాయి" అనే జవాబు ఇప్పటికే చాలామంది ఇచ్చారు. అది కాక ఇంకేదైనా చెప్పండి.

---

పీసీఆర్_పక్షి | సోమవారం, ఉదయం 9:40

మొట్టమొదట తేలాల్సింది, తెర మీద ఎవరు ఎడమ, ఎవరు కుడి. నవ్వకండి. ఇది తేలకుండా పైలట్ (చానల్‌కి చూపించే నమూనా ఎపిసోడ్) తీస్తే ఎడిటర్ మిమ్మల్ని జన్మలో క్షమించడు.

బ్రిటన్ టీవీ యాంకర్ల జంట యాంట్ అండ్ డెక్‌ని చూడండి. ఏ షో అయినా, దాదాపు ఎప్పుడూ చూసేవాళ్ల ఎడమ పక్క యాంట్, కుడి పక్క డెక్. పేరు చదివే వరస, మనుషులు నిలబడే వరస ఒకటే. ఎవరు ఎవరో తెలియని ప్రేక్షకుడికి కూడా పేరే దారి చూపిస్తుంది.

ఇందులో కెమెరా లెక్క కూడా ఉంది. ఇద్దరు యాంకర్లకి కనీసం మూడు కెమెరాలు పెడతారు. నడిమిది ఇద్దరినీ కలిపి పట్టే టూ-షాట్. ఎడమ కెమెరా కుడి మనిషి ముఖాన్ని, కుడి కెమెరా ఎడమ మనిషి ముఖాన్ని అడ్డంగా పడతాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటుంటే ఈ క్రాస్ షాట్లలోనే కళ్లు కనిపిస్తాయి. షో మధ్యలో సరదాకి చోట్లు మారారనుకోండి, తన మనిషి వెంటే తిరిగిన ఎడమ కెమెరాకి దొరికేది ఒకరి చెవి, మరొకరి వీపు. ఎడిట్‌లో ముందు షాట్‌లో కుడివైపు చూస్తున్నవాడు తర్వాతి షాట్‌లో ఎడమవైపు చూస్తాడు. ఎదురెదురుగా మాట్లాడుకోవాల్సినవాళ్లు ఒకే దిక్కుకి చూస్తూ మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

పోటీదారుల్ని ఎక్కడ నిలబెట్టాలన్నది కూడా ఇప్పుడే తేల్చండి. ఇద్దరి మధ్య నిలబెడితే యాంకర్ల జంట విరిగిపోతుంది. ఒక పక్కన నిలబెట్టి, ఆ పక్కనున్న యాంకరే ప్రశ్నలు అడగాలి. రెండో యాంకర్ భుజం మీదుగా తొంగి చూసి వ్యాఖ్యానం వేస్తే చాలు, అది ఇంకా బాగా పండుతుంది.

---

బేగంపేట_బాబాయ్ | సోమవారం, ఉదయం 10:05

పక్షీ, మంచిగ చెప్పినవ్. ఒకటి కలుపుత. ఇద్దరు ఒకే ఎత్తు ఉండరు కదా. ఆరంగుళాల తేడా ఉంటే టూ-షాట్‌ల పొట్టోని తలమీద ఖాళీ, పొడుగోని తల ఫ్రేముకు తాకుడు. పొట్టోని కింద రెండు మూడంగుళాల చెక్క పీట పెడితే అయిపాయె. పీట ఉన్నదని తెల్వనట్టు ఫ్రేము నడుముకాడ కోసుకోవాలె. గని నడిచే షాట్ ఉంటే పీట పనికిరాదు. అప్పుడు పొడుగోడు అర అడుగు ఎనకకు నిలబడాలె.

---

మైకుశాస్త్రి | సోమవారం, ఉదయం 11:20

ఇక శబ్దం. ఇద్దరు యాంకర్ల షోల్లో ఎక్కువ పాడయ్యేది ఇదే.

లాపెల్ మైకు (చొక్కాకి తగిలించే చిన్న మైకు) నోటికి సుమారు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. మామూలు లెక్కేమిటంటే, నోటికీ మైకుకీ ఎంత దూరమో, పక్కవాడి మైకు దానికి కనీసం మూడు రెట్లు దూరంలో ఉండాలి. అంటే 60 సెంటీమీటర్లు. కానీ స్నేహితులు భుజం భుజం రాసుకుని నిలబడతారు, మైకుల మధ్య 45 కూడా ఉండదు. అప్పుడు మొదటివాడి గొంతు తన మైకులోకి, కాస్త ఆలస్యంగా పక్కవాడి మైకులోకి, రెండిట్లోకీ పోతుంది. శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు నడుస్తుంది. దారిలో తేడా 30 సెంటీమీటర్లుంటే 0.9 మిల్లీసెకను వెనకబడుతుంది. రెండూ కలిసినప్పుడు 550–600 హెర్ట్జ్ చుట్టుపక్కల గొంతుకి గండి పడుతుంది. మనిషి గొంతులో నిండుదనం ఉండేది ఆ చుట్టుపక్కలే. ఫలితం, బావిలోంచి మాట్లాడినట్టు వినిపిస్తుంది. తల అటూ ఇటూ తిప్పితే ఆ బావి లోతు కూడా మారుతుంటుంది!

మందు మూడు రకాలు. చెంప పక్కనుండే హెడ్‌సెట్ మైకు (నోటికి మూడు సెంటీమీటర్లు, పక్కవాడు ఎంత దగ్గరున్నా ఫర్వాలేదు). లేదంటే చేతి మైకు. లేదంటే లాపెల్లే ఉంచి, మాట్లాడనివాడి ఫేడర్‌ని (మైకు శబ్దం పెంచే, తగ్గించే మీటని) కిందికి లాగే ఆటోమిక్సర్, అది లేకపోతే స్క్రిప్టు ముందు పెట్టుకుని కూర్చున్న చురుకైన మనిషి. ఆ మనిషికి స్క్రిప్టు ఇవ్వకుండా "నువ్వే చూసుకో" అంటే మొదటి మాటలోని మొదటి అక్షరం ప్రతిసారీ తెగుతుంది.

లాపెల్‌ని చొక్కా గుండీల వరస మీద మధ్యలో పెట్టకండి. భాగస్వామి ఉన్న వైపు కాలర్ దగ్గర పెట్టండి. తల తిరిగేది ఎక్కువ అటే కాబట్టి నోరు మైకు మీదకే వస్తుంది.

చేతి మైకైతే బయటి చేతిలో పట్టుకోండి. లోపలి చెయ్యి స్నేహితుడి భుజం మీద వెయ్యడానికి ఖాళీగా ఉండాలి. లోపలి చేతిలో మైకుంటే, పక్కకి తిరిగినప్పుడు అది రెండు ముఖాల మధ్యకి వచ్చి క్రాస్ షాట్‌ని పాడుచేస్తుంది.

మైకుల నుంచి శబ్దాన్ని పంపే నడుము ప్యాక్‌లకి ఒకదానికి ఎరుపు టేపు, ఇంకోదానికి నీలం టేపు. ఎరుపు ఎప్పుడూ ఎడమ మనిషికే. షర్టు మార్చుకునే హడావుడిలో ప్యాక్‌లు తారుమారైతే, ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడి ఫేడర్ లేస్తుంది. రెండు నిమిషాల పాటు ఎవరికీ అర్థం కాదు.

---

రెండోప్రతి | సోమవారం, మధ్యాహ్నం 1:48

రాత సంగతి నేను చెప్తాను. కొత్త జంటలు చేసే మొదటి తప్పు, ఒక్కడి ప్రకటనని రెండు ముక్కలు చేసి పంచుకోవడం. ఇలా:

ఎ: ఈ రౌండులో సరైన జవాబుకి వెయ్యి రూపాయలు.
బి: తప్పు చెప్తే ఐదొందలు పోతాయి.
ఎ: సమయం అరవై సెకన్లు.
బి: మొదలుపెడదామా?

ఇక్కడ బి ఎందుకున్నాడు? తీసేస్తే షోకి పోయేదేమీ లేదు. అదే సమాచారం ఇలా రాస్తే:

ఎ: సరైన జవాబుకి వెయ్యి రూపాయలు.
బి: తప్పు చెప్తే?
ఎ: ఐదొందలు పోతాయి.
బి: ఏమీ చెప్పకుండా నవ్వుతూ నిలబడితే?
ఎ: యాంకర్‌గా తీసుకుంటారు.

నియమం చెప్పాం. ఎ తెలిసినవాడు, బి చూసేవాళ్ల తరఫున అడిగేవాడు అని తేలింది. ఒక పంచ్ కూడా పడింది. పని అంతా బి అడిగే ప్రశ్నల్లోనే ఉంది. తెలుగు స్కిట్ల వాళ్ల భాషలో చెప్పాలంటే లీడ్ ఇచ్చేవాడు లేకపోతే పంచ్‌కి కాళ్లు లేవు. ప్రేక్షకుడు పంచ్ వేసినవాణ్ణి గుర్తుపెట్టుకుంటాడు, రచయిత లీడ్ ఇచ్చినవాడికి దణ్ణం పెడతాడు.

తెలుగులో క్రియ చివర వస్తుంది, అది మనకి వరం. పైన "తీసుకుంటారు" దగ్గర ఆగిపోవాలి. దాని తర్వాత "కదా", "అన్నమాట", "బ్రో" ఏది తగిలించినా నవ్వు దాని కింద పడి నలిగిపోతుంది. కొందరు యాంకర్లకి ఈ తోకలు ఊతపదాలు. రిహార్సల్ రికార్డు చేసి, తోకల్ని లెక్కపెట్టి వాళ్లకే చూపించండి.

ప్రతి ఎపిసోడ్ స్క్రిప్టులో పంచ్‌లు ఎవరికెన్ని అని మార్జిన్‌లో గీతలు గీయండి. సమానం కానక్కర్లేదు. కానీ వరసగా నాలుగు ఎపిసోడ్లు ఒకడే తిట్లు తింటుంటే అది పాత్ర అయిపోతుంది. ఆరో ఎపిసోడ్‌కి తిట్లు తినేవాడి మనసు, పదో ఎపిసోడ్‌కి ప్రేక్షకుడి మనసు విరుగుతాయి. కనీసం ఎపిసోడ్‌కి ఒక్కసారైనా బోల్తా పడేది రెండోవాడు కావాలి.

ఇంకొకటి. "నిమిషానికి ఇన్ని పదాలు" అనే ఇంగ్లిష్ లెక్క తెలుగుకి తీసుకురాకండి. మనది ఒక్క పదంలో వాక్యం ఇమిడిపోయే భాష. స్టాప్‌వాచ్ పెట్టి ఇద్దరూ గట్టిగా చదవాల్సిందే. ఒక్కరు ఇద్దరి పాత్రలూ చదివితే వచ్చే సమయం తప్పు. మాట అందుకునే సందులు అందులో ఉండవు.

---

టైన్_గట్టు | సోమవారం, సాయంత్రం 5:30

ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ నుంచి. పక్షిగారు యాంట్ అండ్ డెక్ పేరెత్తారు కాబట్టి వాళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మీ ప్రశ్నకి అంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

ఆంథనీ మెక్‌పార్ట్‌లిన్, డెక్లన్ డొన్నెల్లీ ఇద్దరూ 1975లో ఈ ఊళ్లోనే పుట్టారు. కలిసింది మాత్రం బడిలో కాదు, బీబీసీ పిల్లల ధారావాహిక 'బైకర్ గ్రోవ్' సెట్ మీద. డెక్ 1989లో చేరాడు, యాంట్ తర్వాతి ఏడాది. అందులో వాళ్ల పాత్రలు పీజే, డంకన్. ఆ పేర్లతోనే 1994లో పాటలు పాడారు. తర్వాత పాత్రల పేర్లు వదిలి సొంత పేర్లతో కొనసాగారు. అప్పట్లో ఆ పేర్లే వాళ్ల గుర్తింపు కాబట్టి అది చిన్న నిర్ణయం కాదు. పాత్ర పేరు సీరియల్‌ది, సొంత పేరు ఎవరూ లాక్కోలేనిది.

1998 నుంచి 2001 దాకా ఐటీవీలో శనివారం పొద్దుటి పిల్లల షో 'ఎస్‌ఎమ్‌టీవీ లైవ్', క్యాట్ డీలీతో కలిసి. పొద్దున్నే గంటల తరబడి ప్రత్యక్ష ప్రసారం. తప్పు జరిగినా ఎవరూ ఉద్యోగం తీసేయని వేళ. పెద్ద షోలు ఆ తర్వాతే వచ్చాయి: 2001లో 'పాప్ ఐడల్', 2002లో 'శాటర్‌డే నైట్ టేక్‌అవే', 'ఐ యామ్ ఎ సెలబ్రిటీ', 2007లో 'బ్రిటన్స్ గాట్ టాలెంట్'. నేషనల్ టెలివిజన్ అవార్డుల్లో ఉత్తమ ప్రెజెంటర్ బహుమతి 2001 నుంచి 2024 దాకా వరసగా వాళ్లదే. వాళ్ల సొంత నిర్మాణ సంస్థకి మైటర్ అని పేరు పెట్టారు. 'బైకర్ గ్రోవ్' తీసిన భవనం పేరు కూడా మైటరే.

మీరు ముఖ్యంగా చూడాల్సింది 2018. మార్చిలో యాంట్ పని నుంచి తప్పుకున్నాడు. 'టేక్‌అవే' ఒక వారం ఆపేశారు. మిగిలిన రెండు ఎపిసోడ్లు, అందులో ఒకటి ఫ్లోరిడా నుంచి, డెక్ ఒక్కడే చేశాడు. 'బ్రిటన్స్ గాట్ టాలెంట్' ప్రత్యక్ష ప్రసారాలు కూడా ఒక్కడే. ఆ ఏడాది చివర 'ఐ యామ్ ఎ సెలబ్రిటీ'కి డెక్ పక్కన మరో యాంకర్ హాలీ విలబీ వచ్చింది. 2019లో 'టేక్‌అవే' వెయ్యనే లేదు, 2020లో ఇద్దరితో తిరిగి మొదలైంది. అంటే ఇరవై ఎనిమిదేళ్ల జంటలో ఒకరు లేనప్పుడు మూడు షోలకి మూడు వేర్వేరు జవాబులు వచ్చాయి: ఒక్కడే చెయ్యడం, తాత్కాలికంగా వేరొకరిని తేవడం, షోని పండబెట్టడం. ఇందులో ఏది అన్నది మీ ఇద్దరూ ఆరోగ్యంగా, ఒకరి మీద ఒకరికి కోపం లేకుండా ఉన్న రోజునే రాసిపెట్టుకోండి.

---

బేగంపేట_బాబాయ్ | సోమవారం, సాయంత్రం 6:02

మనకాడ గిట్ల జంటలు లేవా ఏంది? సుడిగాలి సుధీర్, గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్. ఈటీవీల జబర్దస్త్ 2013ల మొదలైంది. గా టీం చూడుండ్రి, పేర్లలోనే పని పంపకం ఉన్నది. ఒగడు ముందటి మొఖం, ఒగడు గెటప్పులు, ఒగడు రాతలు, ఆటో పంచులు. ఎవని కుర్చీ వానిదే. ముగ్గురు కలిసి 2020ల '3 మంకీస్' అని సినిమ చేసిండ్రు, ఎవలకు వాళ్లు విడిగ కూడ చేసిండ్రు. సుధీర్ 'గాలోడు', శ్రీను 'రాజు యాదవ్'. విడిగ చేసుడు దోస్తానా ఇరుగుడు కాదు. గని ముందుగాల మాట్లాడుకోకుంటే మాత్రం ఇరుగుతది.

---

రెండోప్రతి | సోమవారం, రాత్రి 8:15

బాబాయ్ చెప్పిన "ఎవని కుర్చీ వానిదే" మీద ఒక్కమాట. అమెరికాలో 'సౌత్ పార్క్' చేసే ట్రే పార్కర్, మాట్ స్టోన్ కొలరాడో విశ్వవిద్యాలయంలో కలిసిన స్నేహితులు. షో 1997 ఆగస్టులో మొదలైంది. ఎపిసోడ్‌ని ఆరు రోజుల్లో తయారుచేస్తారు. పార్కర్ రాస్తాడు, డైరెక్ట్ చేస్తాడు. స్టోన్ వ్యాపారం ఎక్కువ చూస్తాడు, రాతలో ఎదురు ప్రశ్నలేస్తాడు, ఇద్దరూ గొంతులిస్తారు. ఆరు రోజుల్లో పని ఎలా అవుతుందంటే, చివరి మాట ఎవరిదన్న దాని మీద ఏడో రోజు అక్కర్లేదు కాబట్టి. అంత బిగువు లెక్కకి ఉన్న ప్రమాదం కూడా చూడండి: 2013 అక్టోబరులో స్టూడియోలో కరెంటు పోయి ఒక ఎపిసోడ్ గడువు తప్పింది. అన్నేళ్లలో అదే మొదటిసారి.

మీ ఇద్దరికీ అలాగే పంచండి. స్క్రిప్టు మీద చివరి మాట ఒకరిది. ఫ్లోర్ మీద, డబ్బు మీద ఇంకొకరిది. "ఇద్దరం కలిసే నిర్ణయిస్తాం" అన్నది వినడానికి బాగుంటుంది. రాత్రి పదకొండింటికి కాల్షీట్ అయిపోతుంటే ఫ్లోర్ మేనేజర్‌కి కావాల్సింది మాత్రం ఒక్క తల ఊపు.

---

లెడ్జరు | మంగళవారం, ఉదయం 10:10

కాగితాల దగ్గరికి ఎవరూ రాలేదు, ఎప్పటిలాగే.

ముందు రాత హక్కు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఇద్దరి రాత విడదీయలేనంతగా కలిసిపోతే అది ఉమ్మడి రచన. హక్కు ఇద్దరిదీ. అమ్మాలన్నా, వాడుకోనివ్వాలన్నా ఇద్దరి సంతకాలూ కావాలి. ఒకరు అలిగి ఫోన్ ఎత్తకపోతే షో అక్కడే ఆగిపోతుంది. హక్కు గడువు, ఇద్దరిలో చివరగా పోయినవారి తర్వాత 60 ఏళ్లు. అంటే ఈ తగువు మనవల దాకా పోగలదు.

రెండోది, ఆలోచనకి కాపీరైట్ లేదు. "ఇద్దరు స్నేహితులు ఊరూరా తిరిగి ఆటలాడిస్తారు" అనేది ఎవరైనా తియ్యొచ్చు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: రక్షణ భావానికి కాదు, దాన్ని చెప్పిన తీరుకి. కాబట్టి చానల్‌కి నోటితో కథ చెప్పి రావద్దు. రౌండ్ల నియమాలు, పాయింట్ల లెక్క, సెట్ గీత, నమూనా ప్రశ్నలు, రన్ ఆర్డర్ (ఏ భాగం ఏ వరసలో, ఎంతసేపు), ఒక పూర్తి ఎపిసోడ్ స్క్రిప్టు, ఇవన్నీ ఎనిమిది నుంచి పన్నెండు పేజీల్లో పెట్టండి. తేదీ, ఇద్దరి పేర్లు ప్రతి పేజీ కింద. రచయితల సంఘంలో నమోదు చేయించండి. మీటింగ్ అయిన సాయంత్రమే "ఈ రోజు మీకు ఈ పత్రం ఇచ్చాం" అని ఈమెయిల్ పంపండి. సంఘం నమోదు హక్కుని పుట్టించదు, ఆ తేదీకి రాత మీ దగ్గర ఉందన్న సాక్ష్యం మాత్రమే.

మూడోది, చానల్ ఇచ్చే ఒప్పందం. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టం అనుకుంటుంది. అందుకే వాళ్ల పత్రంలో "శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో" అనే వాక్యం తప్పక ఉంటుంది. మొత్తం కొట్టేయించలేరు. ఫార్మాట్‌ని వేరే భాషలో తీస్తే ఎపిసోడ్‌కి ఇంత అని, రెండో సీజన్‌కి ముందు మిమ్మల్నే అడగాలని రాయించుకోవచ్చు. పార్కర్, స్టోన్ 2007 ఒప్పందంలో డిజిటల్ ప్రకటనల ఆదాయంలో సగం రాయించుకున్నారు. అంత బేరం మనకి కుదరదు. కానీ డిజిటల్ అనే మాట విడిగా ఒక పేరాలో ఉండేలా చూసుకోవడం కుదురుతుంది.

---

కొత్తపలక | మంగళవారం, ఉదయం 10:55

లెడ్జరు గారూ, చాలా ఉపయోగం. ఇద్దరి మధ్య సంస్థ పెట్టాలా? భాగస్వామ్య పత్రం చాలా, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) కావాలా?

---

లెడ్జరు | మంగళవారం, ఉదయం 11:30

రచన, యాంకరింగ్ ఫీజులు మాత్రమే అయితే మామూలు భాగస్వామ్యం చాలు. షో మీరే నిర్మించి అప్పగించేటట్టయితే ఎల్ఎల్‌పీ. మామూలు భాగస్వామ్యంలో సెట్ అప్పు తీరకపోతే అప్పులవాడు ఇద్దరిలో ఎవరి ఇంటికైనా రావచ్చు, మొత్తం ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. ఎల్ఎల్‌పీలో సొంత ఆస్తికి అడ్డుగోడ ఉంటుంది. దానికి బదులుగా ఏటా ఫారం 11 మే 30లోపు, ఫారం 8 అక్టోబరు 30లోపు పెట్టాలి. మర్చిపోతే ఆలస్య రుసుము మీటరులా తిరుగుతుంది.

కాగితమే లేకపోతే 1932 భాగస్వామ్య చట్టం తన సొంత నియమాలు పెడుతుంది: లాభనష్టాలు సమానం, పనికి విడిగా జీతం లేదు, ఒకరు చనిపోతే సంస్థ రద్దు. స్నేహితుల్లో ఒకడు రాత్రంతా రాసి, ఇంకొకడు షూటింగ్ రోజే వస్తే ఈ "జీతం లేదు, లాభం సగం" అన్నదే నిప్పు. అందుకని రాతకి ఎపిసోడ్‌కి ఇంత, యాంకరింగ్‌కి ఇంత విడిగా తీసి, మిగిలినదే సగం సగం చేసుకోవాలని రాయండి. పత్రాన్ని రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని సంస్థ డబ్బు ఎగ్గొట్టినవాడి మీద దావా వెయ్యలేదు.

జంట పేరు ఉంటే ట్రేడ్‌మార్క్ 41వ తరగతి, వినోద సేవలు. ఆన్‌లైన్‌లో వ్యక్తులకి, చిన్న సంస్థలకి 4,500 రూపాయలు, మిగతావాళ్లకి 9,000. పదేళ్లకోసారి కొత్తది చేసుకోవాలి. ఒకరి సొంత పేరు మీద కాకుండా సంస్థ పేరు మీద తీయండి.

యూట్యూబ్ చానల్ కూడా అంతే. ఒకరి సొంత మెయిల్ మీద తెరిచి, "పాస్‌వర్డ్ ఇద్దరికీ తెలుసులే" అనుకోవద్దు. బ్రాండ్ అకౌంట్ కింద ఇద్దర్నీ యజమానులుగా పెట్టండి. ప్రకటనల డబ్బు సంస్థ బ్యాంకు ఖాతాకే వచ్చేలా చూడండి.

---

నిర్వాహకుడు | మంగళవారం, మధ్యాహ్నం 12:05

కింద రెండు పోస్టులు తీసేశాం. ఏ చానల్ ఎవరికి ఎంత బాకీ ఉందో పేర్లతో రాసే చోటు ఇది కాదు. విషయం మీదే ఉండండి.

---

పీసీఆర్_పక్షి | మంగళవారం, మధ్యాహ్నం 2:20

మళ్లీ ఫ్లోర్‌కి వద్దాం. ప్రాంప్టర్ గురించి ఎవరూ అనలేదు.

ఇద్దరికీ కలిపి ఒకే ప్రాంప్టర్ (స్క్రిప్టు చూపించే తెర) ఉంటుంది, నడిమి కెమెరా మీద. ఎ మాటలు తెలుపు, బి మాటలు పసుపు అని పెట్టించండి. పేర్లు చదివి వెతుక్కునేసరికి అర సెకను పోతుంది, రంగు వెంటనే కనబడుతుంది. తెర మీద ఒక్కో వరసలో నాలుగైదు పదాలు దాటకూడదు. దాటితే కళ్లు అటూ ఇటూ పరుగెత్తడం చూసేవాడికి తెలిసిపోతుంది.

చిక్కు ఎక్కడంటే, ఒకడు స్క్రిప్టు వదిలి సొంతంగా జోకు అందుకుంటాడు. ప్రాంప్టర్ నడిపేవాడు ఆపేస్తాడు. రెండోవాడికి ఎక్కడ తిరిగి ఎక్కాలో తెలీదు. దీనికి 'తిరుగు మాట' పెట్టుకోండి. ప్రతి లింకులో (ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య యాంకర్లు చెప్పే మాటల్లో) ఒక పదం కింద గీత గీసి ఉంచండి. ఎంత దూరం వెళ్లినా ఆ పదం పలికితే మళ్లీ స్క్రిప్టులోకి వచ్చినట్టు. ప్రాంప్టర్‌కి, మైకుకి, నాకు, ముగ్గురికీ అదే ఆధారం. ఇది పెట్టుకున్న జంట ఎంత అల్లరి చేసినా పీసీఆర్‌లో (డైరెక్టర్ కూర్చునే కంట్రోల్ గదిలో) గుండె దడ ఉండదు.

మాట మీద మాట పడటం గురించి కూడా చెప్పాలి. ప్రత్యక్ష ప్రసారంలో అది అందం. రికార్డు షోలో అదే శాపం: ఇద్దరి గొంతులు కలిసిన చోట కట్ పడదు. పైలట్‌కి రెండు మైకులూ విడివిడి ట్రాకుల్లో, మూడు కెమెరాలూ విడివిడిగా రికార్డు చేయించండి. స్విచ్చర్ (కెమెరాల్ని అప్పటికప్పుడు మార్చే యంత్రం) నుంచి వచ్చిన కలిపిన ఫుటేజీ ఒక్కటే ఉంటే మీ ఇద్దరి అల్లరిలో సగం చెత్తబుట్టకే. ప్రతి లింకు చివర రెండు సెకన్లు నోరు మూసుకుని, కళ్లలో నవ్వుతో నిలబడటం నేర్చుకోండి. కొత్తవాళ్లు పంచ్ పడగానే చూపు తిప్పి ఫ్లోర్ మేనేజర్ వైపు "బాగొచ్చిందా" అని చూస్తారు. ఆ చూపు ప్రతి టేకులోనూ ఉంటుంది, తీసేస్తే నవ్వు తెగిపోతుంది.

ఇద్దరి మధ్య వాదన వస్తే మైకు తీసేసి, ఫ్లోర్ బయటికి వెళ్లి తేల్చుకోండి. టేకుల మధ్య గుసగుసలాడినా పీసీఆర్‌లో స్పీకర్ మీద ఊరంతా వింటుంది.

---

రెండోప్రతి | మంగళవారం, మధ్యాహ్నం 3:45

అరగంట స్లాట్‌కి రన్ ఆర్డర్ నమూనా. ప్రకటనలు పోను 21:30 అనుకుందాం.

ఓపెనింగ్ 1:30, పోటీదారుల పరిచయం 2:00, మొదటి రౌండు 5:00, విరామం. రెండో రౌండు 5:30, విరామం. ఫైనల్ 5:00, బహుమతి 2:00, ముగింపు 0:30.

కొత్త జంటలు ఓపెనింగ్‌కి నాలుగు నిమిషాలు రాసుకొస్తారు. అదే వాళ్లకి ఇష్టమైన భాగం మరి. చూసేవాడికి మీ స్నేహం ఆటలో కనబడాలి. ఆటకి ముందు మీరు చెప్పుకునే పొగడ్తలు ప్రోమోకి కూడా పనికిరావు. విరామానికి ముందు మాట మాత్రం ఇద్దరూ కలిసి తిరగరాయండి. జవాబు చెప్పేవాడి నోరు తెరుచుకున్న చోట ఆపాలి. జవాబు చెప్పేశాక "చిన్న విరామం" అంటే రిమోట్ చేతిలోకి వస్తుంది.

ఒక కాల్షీట్‌లో రెండు ఎపిసోడ్లు తీస్తే, రెండోదాని పంచ్‌లు మొదటిదాని షూటింగ్‌లో ఖర్చుపెట్టేస్తారు. రెండో స్క్రిప్టుని మధ్యాహ్నం దాకా యాంకర్లకి ఇవ్వకపోవడమే మేలు. మరి రాసింది కూడా వాళ్లే అంటారా? అందుకే రెండోదానిలో కనీసం పోటీదారుల పరిచయమైనా మూడో మనిషి చేత రాయించండి. ఒకడు చదువుతుంటే ఇంకొకడికి నిజంగా నవ్వొస్తుంది. ఆ నవ్వుని నటించలేరు.

---

టైన్_గట్టు | మంగళవారం, సాయంత్రం 6:40

దీనికి పక్కనే ఒక వివరం. 'ఐ యామ్ ఎ సెలబ్రిటీ' ఆస్ట్రేలియా న్యూ సౌత్ వేల్స్ అడవిలోంచి ప్రత్యక్షంగా వస్తుంది. బ్రిటన్‌లో రాత్రి 9 అంటే అక్కడ పొద్దున 8. శిబిరంలో అంతకుముందు జరిగినదాని మీద వ్యాఖ్యానం అది. కాబట్టి లింకులు నెల ముందు రాసిపెట్టుకునే వీల్లేదు. ఇద్దరు యాంకర్లు ఉండటం వల్ల అక్కడ లాభం కనబడుతుంది: ఒకడు కాగితం చదువుతుంటే ఇంకొకడి ముఖంలో ప్రతిస్పందన నడుస్తూనే ఉంటుంది. ఒక్క యాంకర్ అయితే ఆ పని కూడా కాగితం మీద రాసుకోవాలి.

---

కొత్తపలక | మంగళవారం, రాత్రి 9:05

అందరికీ ధన్యవాదాలు. ఎడమ, కుడి ఈ రాత్రికే తేలిపోతుంది. చివరిగా చిన్న సందేహం. చెవిలో పెట్టే ఇయర్‌పీస్ ఏ చెవిలో? ఇద్దరికీ కావాలా?

---

మైకుశాస్త్రి | మంగళవారం, రాత్రి 9:22

ఇద్దరికీ కావాలి, బయటి చెవిలో. తెర మీద ఎడమన నిలబడేవాడికి భాగస్వామి తన సొంత ఎడమ చేతివైపు ఉంటాడు. కాబట్టి ఇయర్‌పీస్ కుడి చెవిలో. కుడిన నిలబడేవాడికి ఎడమ చెవిలో. స్నేహితుడి మాట వినే చెవి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి.

డైరెక్టర్ చెప్పేది మాత్రం ఇద్దరికీ ఒకేసారి వినిపించకండి. వినిపిస్తే ఇద్దరూ ఒకే క్షణాన మాట ఆపి బిక్కమొహం వేస్తారు. సమయం లెక్క ఒకరికి, పోటీదారుల సమాచారం ఇంకొకరికి, రెండు వేర్వేరు లైన్లు. అత్యవసరమైతేనే రెండూ కలపాలి. ఒక పూట రిహార్సల్ పూర్తిగా దీనికే పెట్టండి: చెవిలో అంకెలు వినబడుతుండగా నోటితో వాక్యం పూర్తి చెయ్యడం. మొదటి గంట ఇద్దరూ వినబడిన అంకెలే పైకి అనేస్తారు. రెండో గంటకి కుదురుకుంటుంది.

---

బేగంపేట_బాబాయ్ | మంగళవారం, రాత్రి 9:30

పీట మర్చిపోకుండ్రి.